మూడో మలుపు మీద ఇల్లు

నేనుండే ఇల్లు మూడో మలుపు మీద ఉందట.
కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదు.
దస్తావేజుల్లో ప్లాటు నంబరుంది, మురుగు గొట్టాల పటం ఉంది,
దీపాల వెలుగులో పక్కకి ఒరిగి
దుమ్ము చిమ్ముకుంటూ పోయే మోటారుసైకిళ్ళ ఊసు లేదు.

మొదటి ఏడు బంగాళాదుంపలకని పార వేస్తే
జానెడు నల్లమట్టి కింద ఎర్రటి రాతిపొడి తగిలింది.
ఇటుకబట్టీ కాబోలు అనుకున్నాను.
వాన పడితే అది మెట్ల మీదికి పారాణిలా పారేది.

అక్టోబరు చివరి గురువారం వాళ్ళొచ్చారు.
తొమ్మిదిమంది.
మెడలకి నలుపూ పసుపూ మఫ్లర్లు, అంచుల్లో పోగులు లేచి.
నా కంచె బయట నిలబడి
నా వంటింటి కిటికీని
చాన్నాళ్ళకి కనబడ్డ చుట్టాన్ని చూసినట్టు చూశారు.
ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నదాన్ని,
విసుక్కుంటూనే తలుపు తీశాను.

"ఏమీ అనుకోకమ్మా," అన్నాడు ఆల్విన్ ట్రాంటర్,
"మీ సింకు ఉన్నచోటే
లెన్ ఆర్క్‌రైట్ అందర్నీ దాటేసేవాడు.
బయటివైపు నుంచి. కంచెకి బెత్తెడు దూరంలో."
"లోపలివైపు నుంచి," అంది ఐవీ.
ఇరవై ఆరేళ్ళుగా ఆ తగువు తెగలేదట.

టీ పెట్టాను. ఇంకేం చేయను?
కప్పులు చాలక ఇద్దరు జామ్ సీసాల్లో తాగారు.

ఆ బళ్ళకి బ్రేకులుండవట. ఒకటే గేరు.
ఎడమకాలికి ఇనప చెప్పు.
ఎప్పుడూ ఎడమకే తిరగడం.
నాలుగు చుట్లు, కాస్త అటూఇటూగా ఒక నిమిషం.
ఆ నిమిషాల కోసం వారమంతా
మిల్లులో, బస్సు డిపోలో, బొగ్గుగనిలో
పళ్ళ బిగువున గడిపేవాళ్ళట.
మలుపు దగ్గర నిలబడితే
ఎర్రపొడి వచ్చి మొహాన కొట్టేది,
ఇంటికెళ్ళాక కూడా పళ్ళ కింద కరకర.

ఇంజన్లో ఆముదం పోసేవారు.
అది కాలిన వాసన ఎలా ఉండేదో చెప్పబోయి
నారిస్ పెగ్‌కి మాట దొరకలేదు.
కళ్ళు మూసుకుని
సబ్బు వాసన తప్ప ఏమీ లేని నా వంటింట్లో
గట్టిగా ఒకసారి ఊపిరి పీల్చాడు.
ఆ వాసన పోతుందని
గురువారం కోటు ఎన్నడూ ఉతకలేదట.
పోయింది. ఉతక్కుండానే పోయింది.

అందరూ లెన్ గురించి చెబుతుంటే
ఐవీ ట్రాక్టరు గురించి చెప్పింది.
రేసుకీ రేసుకీ మధ్య అదొచ్చి
చెదిరిన మట్టిని తిరిగి పరిచిపోయేది.
జనం చిప్స్ కోసం లేచేది సరిగ్గా అప్పుడే.
"నడిపేది మా ఆయన," అంది.
"అంత స్టేడియంలో
ఆయన్ని చూసింది నేనొక్కదాన్నే."
సీసాలో టీ చల్లారిపోయింది.

ఆల్విన్ చొక్కా లోపలి జేబులోంచి
నాలుగు మడతలు పెట్టిన కార్యక్రమపత్రం తీశాడు.
చివరి రాత్రిది.
పెన్సిలుతో పన్నెండు రేసుల లెక్క:
ముప్పై ఆరు, ముప్పై ఆరు.
పదమూడోది ఖాళీ.
వాన. ఆ తర్వాత బుల్డోజర్లు.
"ఏదో ఒకటి రాసెయ్యొచ్చుగా," అన్నాను.
తొమ్మిదిమందీ నావైపు చూసిన చూపుకి
నా ఇంట్లో నేనే పరాయిదాన్నయ్యాను.

వెళ్ళేముందు, మట్టి కావాలా అని అడిగాను.
ఆల్విన్ వంగి గుప్పెడు తీసుకున్నాడు,
తూకం వేస్తున్నట్టు కాసేపు పట్టుకుని
మళ్ళీ అక్కడే పోసేసి
అరచేత్తో చదును చేశాడు.
ఐవీ అది చూసి మొహం తిప్పుకుంది.

ఇప్పుడు గిన్నెలు తోముతుంటే
చెయ్యి దానంతటదే ఎడమకి తిరుగుతోంది,
పళ్ళెం బయటి అంచు పట్టుకుని, జారుతూ, పడకుండా.
ఆల్విన్ మాటే నిజమేమో అనిపిస్తుంది.

వచ్చే అక్టోబరుకి మరో మూడు కప్పులు కొన్నాను.
ఐవీకి మాత్రం ఈ సంగతి చెప్పను.